సూది పడ్డాక పది నిమిషాలు

రామసముద్రం మండలంలో కాన్పు కష్టమైతే బండి మూడు దిక్కుల్లో ఏదో ఒకవైపు పోతుంది. మదనపల్లె జిల్లా ఆస్పత్రికో, పుంగనూరు ప్రభుత్వాస్పత్రికో, కేసు మరీ చిక్కుపడితే కుప్పం పి.ఇ.ఎస్. వైద్య కళాశాలకో. సరిహద్దు దాటి కోలారు దారి పట్టేవాళ్లూ ఉన్నారు. ఆపరేషనై బిడ్డతో ఇల్లు చేరిన తల్లి, చూడవచ్చిన ఆడవాళ్లకు చెప్పే కబుర్లలో ఒక మాట తరచుగా వస్తుంది: "వీపుకు సూది ఏసినాక బీపీ పడిపోయిందంట మా! కండ్లు తిరిగినాయి, వాంతొచ్చేట్టయింది. డాక్టరు ఏదో మందేసినాడు, సర్దుకున్నాది." విన్నవాళ్లు ముక్కు మీద వేలేసుకుంటారు. గండం గడిచిందని దిష్టి తీస్తారు.

మత్తు డాక్టరుకు మాత్రం అందులో వింత లేదు. ముందుజాగ్రత్త ఏదీ తీసుకోకపోతే, సిజేరియన్ కోసం వెన్నులో మత్తు తీసుకున్న ఆరోగ్యవంతులైన గర్భిణుల్లో పదిమందికి ఏడెనిమిది మంది దాకా బీపీ పడుతుంది. పడదని ఆశపడడం తెలివైన పని కాదు. ఎంత లోతుకు పడింది, ఎంతసేపు ఉంది, దాన్ని ఎవరు ఎంత తొందరగా పసిగట్టారు అన్నవే లెక్కలోకి వస్తాయి. గత యాభై ఏళ్లలో ఈ చిన్న విషయం మీద జరిగినంత పరిశోధన, ఆపరేషన్ థియేటర్లో మరే పది నిమిషాల మీదా జరిగి ఉండదేమో. అందులో తప్పుదారులూ ఉన్నాయి. దశాబ్దాల పాటు ప్రపంచమంతా నమ్మి వాడిన మందు రెండో వరుసలోకి జరిగిన కథా ఉంది.

ముందుగా ఇది ఎంతమందికి సంబంధించిన సంగతో చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూరు కాన్పుల్లో 42 సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21. తెలంగాణలో 60 దాటింది. ఆంధ్రలో ప్రైవేటు ఆస్పత్రుల్లో 63, ప్రభుత్వాస్పత్రుల్లో 26 చొప్పున ఉన్నాయి. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ, వేరే అధ్యాయం. ఆ ఆపరేషన్లలో అత్యధికం వెన్నులో ఇచ్చే మత్తుతోనే జరుగుతున్నాయి కాబట్టి, తెలుగునాట ప్రతి ఏటా లక్షలమంది తల్లులు ఆ పది నిమిషాల గుండా నడిచి వస్తున్నారన్నది ఇక్కడి సంగతి.

తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా వంచి, నడుము దగ్గర మూడో నాలుగో పూసల మధ్య సన్నని సూది దించుతారు. వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది. సూది చేరేది దాని కింద నాడులు తేలాడే నీటిలోకి. అక్కడ బుపివకైన్ అనే మందు రెండు మిల్లీలీటర్లు, అంటే పది మిల్లీగ్రాములు, ఇంచుమించు ఆ కొలతలోనే ఇస్తారు. అందులో చక్కెర కలిపి ఉంటుంది. దానివల్ల వెన్నునీటికంటే బరువెక్కి, తల్లిని పడుకోబెట్టగానే వంపు ఎటు ఉంటే అటు జారుతుంది. కడుపు కోతకు నొప్పి తెలియకుండా ఉండాలంటే మత్తు రొమ్ముల మట్టం దాకా ఎక్కాలి. స్పిరిట్ దూది ఒంటికి తాకించి "చల్లగా ఉందా అమ్మా?" అని డాక్టరు అడిగేది అది ఎక్కడిదాకా ఎక్కిందో తెలుసుకోవడానికే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నాడులు నొప్పిని మోసేవి మాత్రమే కావు. రక్తనాళాల గోడలను ఎప్పుడూ కొంత బిగించి ఉంచే నాడులూ వాటి వెంటే ఉంటాయి. మందుకు ఆ రెంటి తేడా తెలియదు. నిజానికి బిగింపు నాడులు సన్ననివి కాబట్టి ముందుగా లొంగేవి అవే. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల టమోటా రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. బోరు అదే, మోటారు అదే, నీళ్లూ అవే. కానీ డ్రిప్పు లైన్ల గేట్‌వాల్వులన్నీ ఒక్కసారిగా తెరిస్తే ఒత్తిడి చచ్చి, చివరి చాలులో మొక్కలకు చుక్క రాలదు. తల్లి ఒంట్లోంచి ఒక్క చుక్క నెత్తురు బయటికి పోలేదు. ఉన్న నెత్తురే కాళ్లలో, పొట్టలో వదులైన సిరల్లో నిలిచిపోయింది. గుండెకు తిరిగి వచ్చేది తగ్గింది. గుండె కొట్టడానికి సరుకు లేదు.

ఇక్కడ చివరి చాలు బిడ్డ.

మెదడు, మూత్రపిండాలు బీపీ కాస్త అటూ ఇటూ అయినా తమ వాటా రక్తాన్ని తామే సర్దుకోగలవు. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం పోతుంది కానీ, ఆ సర్దుబాటు శక్తి దానికి దాదాపు లేదు. తల్లి బీపీ ఎంత పడితే మాయకు అందే రక్తం అంత పడుతుంది. అందుకే బొడ్డుతాడులోంచి తీసిన రక్తంలో ఆమ్లం ఎంత పెరిగిందన్నది ఈ పరిశోధనలన్నిటికీ కొలబద్ద అయింది. తల్లి వైపు నుంచి మొదటి సూచన మానిటరు మీద కనిపించకముందే ఆమె నోటి నుంచే వస్తుంది: "కడుపులో తిప్పతాండాది సార్." ఆవులింతలు, చెమట, కళ్ల ముందు మసక ఆ వెంటనే. మెదడు అడుగుభాగానికి రక్తం తగ్గిందని వికారం ముందుగా చెబుతుంది. అనుభవమున్న మత్తు డాక్టరు ఆ మాట వినగానే వాంతి మందు వెతుక్కోడు. ముందు బీపీ చూస్తాడు.

గర్భిణికి ఇంకో ఇబ్బంది ఉంది. 1953లో అమెరికాలో హోవర్డ్, గుడ్సన్, మెంగర్ట్ అనే ముగ్గురు వైద్యులు, నెలలు నిండిన తల్లులు కొందరు వెల్లకిలా పడుకోగానే, ఏ మత్తూ లేకుండానే, బీపీ పడి సొమ్మసిల్లడాన్ని వర్ణించి, కారణం చెప్పారు. బరువైన గర్భసంచి వెన్ను మీద వాలి, కాళ్ల నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తోంది. మామూలుగా ఒళ్లు ఆ నొక్కుడుకు విరుగుడుగా నాళాలను బిగించుకుంటుంది. వీపు సూది పడ్డాక ఆ విరుగుడు కూడా పనిచేయదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని నర్సమ్మలు చెప్పే మాటకు మూలం ఇదే. థియేటర్లో కుడి తుంటి కింద దిండో, మడిచిన గుడ్డో పెట్టి, బల్లను ఎడమకు 15 డిగ్రీలు వంచే అలవాటూ దీన్నుంచే పుట్టింది.

ఆ 15 డిగ్రీల కథ కూడా అంత సూటిగా లేదు. 2015లో జపాన్‌లో గర్భిణులను ఎం.ఆర్.ఐ. యంత్రంలో వేర్వేరు కోణాల్లో పడుకోబెట్టి చూస్తే, 15 డిగ్రీల వంపుతో ఆ సిర దాదాపు నొక్కుకునే ఉంది. 30 డిగ్రీలకు గానీ తెరుచుకోలేదు. 30 డిగ్రీలు వంచిన బల్ల మీద ఆపరేషన్ చేయాలంటే తల్లి జారిపోతుంది, సర్జన్ మెడ పట్టేస్తుంది. రెండేళ్ల తరువాత న్యూయార్క్‌లో మరో ప్రయోగం జరిగింది. బీపీని మందుతో గట్టిగా నిలబెట్టగలిగితే, వంచినా వంచకపోయినా బిడ్డ రక్తంలో తేడా కనిపించలేదు. అయినా వంచడం మానమని ఎవరూ అనడం లేదు. ఖర్చు లేని పని, హాని లేని పని.

వెన్నులో మత్తు కొత్తదేమీ కాదు. జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ 1898 ఆగస్టు 16న కొకైన్‌తో మొదటిసారి ఇచ్చాడు. ఎనిమిది రోజుల తరువాత తనూ, తన సహాయకుడు హిల్డెబ్రాంట్ ఒకరి మీద ఒకరు ప్రయోగం చేసుకున్నారు. మొద్దుబారిన హిల్డెబ్రాంట్ ముంగాలి మీద సుత్తితో కొట్టి చూశారు, చుట్టతో కాల్చి చూశారు. సాయంత్రం వైను తాగి, చుట్టలు కాల్చి పండగ చేసుకున్నారు. ఆ తరువాత రోజుల తరబడి తలనొప్పితో బాధపడ్డారు. 1900లోనే స్విట్జర్లాండ్‌లో ఆస్కర్ క్రైస్ కాన్పు నొప్పులకు దాన్ని వాడాడు.

బీపీ సంగతి ఎవరు పట్టించుకున్నారు? అప్పటికి మనిషి బీపీని మంచం పక్కన కొలిచే పట్టీయే కొత్త. ఇటలీలో రివా-రోచ్చి 1896లో తయారుచేసిన ఆ పరికరాన్ని అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1901లో చూసి అమెరికాకు పట్టుకుపోయాడు. మత్తులో ఉన్న రోగి నాడిని, బీపీని కాగితం మీద నమోదు చేసే పద్ధతిని నిలబెట్టినవాళ్లలో అతను ముఖ్యుడు.

ఈ విషయంలో మన హైదరాబాద్‌కు ఒక పాత పేజీ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో, 1889లో పీల్చే మత్తుమందు క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి రెండు కమిషన్లు జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. వందల జంతువుల మీద క్లోరోఫాం ప్రయోగించి, రక్తపోటు గీతలు తీసి, చివరికి తేల్చింది ఏమిటంటే మత్తిచ్చేవాడు ఊపిరిని చూస్తే చాలు, నాడిని పట్టుకు కూర్చోనక్కర్లేదని. క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదని తరువాతి పరిశోధన తేల్చింది. లారీ పాఠం సగం వరకే నిలిచిందన్నమాట. ఊపిరితో పాటు నాడి, నాడితో పాటు బీపీ, మూడింటినీ ఒక్క మనిషి కన్నార్పకుండా చూడాలన్న నియమం అలాంటి తర్జనభర్జనల నుంచే వచ్చింది. అదే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటారు.

మళ్లీ సిజేరియన్ బల్ల దగ్గరికి వద్దాం. నాళాలు వదులైతే వాటిని నింపితే సరి అన్నది మొదట తోచిన ఉపాయం. 1968లో వోల్మన్, మార్క్స్ అనే ఇద్దరు, సూదికి ముందే లీటరు సెలైన్ ఎక్కిస్తే బీపీ పడదని రాశారు. పాతికేళ్ల పాటు అది వేదవాక్కయింది. అత్యవసరంలో కూడా "సెలైన్ పూర్తయ్యాకే సూది" అని ఆగిన సందర్భాలున్నాయి. 1993లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి రౌట్ బృందం ఆ నమ్మకాన్ని లెక్కగట్టి చూపింది. సెలైన్ ఎక్కించనివాళ్లలో నూటికి 71 మందికి బీపీ పడితే, ఎక్కించినవాళ్లలో 55 మందికి పడింది. లాభం లేదని కాదు. కానీ సగానికి పైగా తల్లులను కాపాడలేని ఉపాయం కోసం బిడ్డ ప్రమాదంలో ఉండగా ఆగడం తగదని వాళ్లన్నారు.

కారణం తేలికైనదే. ఉప్పునీరు రక్తనాళాల్లో ఎక్కువసేపు నిలవదు. చుట్టూ ఉన్న కండలోకి జారిపోతుంది, కొంత మూత్రంగా పోతుంది. సూదికి అరగంట ముందు ఎక్కించిన లీటరులో, అవసరమైన క్షణానికి నాళాల్లో మిగిలేది కొంతే. అందుకే ఇప్పుడు సూది పడుతుండగానే, మత్తు ఎక్కుతుండగానే, సంచిని నొక్కి వేగంగా ఎక్కిస్తారు. అదే సెలైన్, వేళ మాత్రం మారింది. ఒంటరిగా అదీ చాలదు. మందు కావాలి.

మందు కథ అన్నిటికంటే పెద్ద మలుపులున్నది. చైనా వైద్యంలో వేల ఏళ్లుగా వాడిన మా హువాంగ్ అనే పొద నుంచి 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి ఎఫిడ్రిన్‌ను వేరుచేశాడు. వెన్ను మత్తులో పడే బీపీని లేపడానికి 1927 నాటికే దాన్ని వాడారు. 1974లో కాలిఫోర్నియాలో రాల్స్టన్, ష్నైడర్ బృందం చూలు గొర్రెల మీద బీపీ పెంచే మందులను పోల్చి చూసింది. నాళాలను మాత్రమే బిగించే మందులు గర్భాశయానికి పోయే రక్తాన్ని తగ్గించాయి. గుండెను కూడా తట్టిలేపే ఎఫిడ్రిన్ తగ్గించలేదు. తీర్పు వచ్చేసినట్టే అయింది. కాన్పు గదిలో ఎఫిడ్రిన్ తప్ప మరొకటి ముట్టుకోవడం తప్పన్నంతగా పాతికేళ్లకు పైగా పాఠ్యగ్రంథాలు దాన్నే చెప్పాయి.

అయితే ఆ 1974 ప్రయోగంలో గొర్రెల వెన్నులో మత్తు లేదు. బీపీ మామూలుగా ఉన్న గొర్రెకు నాళాలు బిగించే మందిస్తే గర్భాశయ రక్తం తగ్గడంలో ఆశ్చర్యం లేదు. వీపు సూదితో నాళాలన్నీ వదులై ఉన్న మనిషికి ఇస్తే ఏమవుతుందో అది చెప్పదు. తరువాత తల్లుల మీద జరిగిన పోలికలను హాంకాంగ్‌లో లీ, న్గాన్ కీ, జిన్ అనే ముగ్గురు పరిశోధకులు 2002లో ఒకచోట చేర్చి చూశారు. నాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ తీసుకున్న తల్లుల బిడ్డల బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం తక్కువగా ఉంది, ఎఫిడ్రిన్ తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఎక్కువగా ఉంది. ఇంతకాలం బిడ్డకు మంచిదనుకున్న మందు మాయను దాటి లోపలికి పోయి, బిడ్డ గుండెను పరుగెత్తించి, ఒంట్లో ఖర్చు పెంచి, ఆమ్లాన్ని పోగుచేస్తోందని తేలింది. ఆరోగ్యమైన బిడ్డలు ఆ తేడాను తట్టుకుంటారు. అప్పటికే కడుపులో నలుగుతున్న బిడ్డకు అది భారమే. గొర్రె మీద రుజువైనది మనిషికీ వర్తిస్తుందని తేలిగ్గా నమ్మేవాళ్లకు ఇంతకంటే మంచి హెచ్చరిక దొరకదు.

వారిక్ న్గాన్ కీ అక్కడితో ఆగలేదు. బీపీ పడ్డాక లేపడం ఎందుకు, పడకముందే మందు మొదలుపెడితే? 2004లో హాంకాంగ్‌లోనే సూది పడిన క్షణం నుంచి సిరంజి పంపుతో ఫినైలెఫ్రిన్ సన్నధారగా ఇచ్చి చూశాడు. పడ్డాక లేపే పద్ధతిలో నూటికి 88 మందికి బీపీ పడితే, ముందే మొదలుపెట్టినవాళ్లలో 23 మందికే పడింది. మరుసటి ఏడాది ఆ ధారకు తోడు అదే సమయంలో వేగంగా సెలైన్ ఎక్కించాడు. పడినవాళ్లు నూటికి ఇద్దరికి మించలేదు. మందు ఒక్కటే ఇచ్చి సెలైన్‌ను అతి తక్కువ వేగంతో ఉంచినవాళ్లలో 28 మందికి పడింది. సెలైన్ ఒంటరిగా ఓడిపోయింది, మందు ఒంటరిగా సగం గెలిచింది, జోడీ కడితే పని దాదాపు పూర్తయింది. వికారాలు, వాంతులు కూడా అలాగే తగ్గాయి. ఆపరేషన్ బల్ల మీద వాంతి సహజమేనని సరిపెట్టుకున్న రోజులకు అది ముగింపు కావాల్సింది. చాలాచోట్ల ఇంకా కాలేదు.

2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ విషయంలో ఏకాభిప్రాయ సూచనలు ప్రచురించింది. తల్లి మామూలు పై బీపీలో తొంభై శాతానికి తగ్గకుండా చూడాలి. ఎనభైకి దిగితే ఆలస్యం చేయకూడదు. అంటే ఆపరేషన్‌కు ముందు పై బీపీ 120 ఉన్న తల్లికి 108 దగ్గరే చేయి కదలాలి, 96 కంటే కిందికి పోనివ్వకూడదు. ఫినైలెఫ్రిన్ నిమిషానికి 25 నుంచి 50 మైక్రోగ్రాముల చొప్పున, సూది పడిన వెంటనే మొదలుపెట్టాలి. ఆ మందుకు ఒక ఎదురుదెబ్బ ఉంది. నాళాలు బిగుసుకోగానే ఒళ్లు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నాడి మరీ నెమ్మదిస్తే మందు ఆపి, గుండెను తట్టే మందు ఇవ్వాల్సి వస్తుంది. ఎఫిడ్రిన్‌కు ఇప్పటికీ మిగిలిన చోటు అదే. గుండె వేగాన్ని అంతగా తగ్గించని నార్ అడ్రినలిన్‌ను న్గాన్ కీ బృందమే 2015లో ముందుకు తెచ్చింది. అది ఇప్పుడు నెమ్మదిగా చోటు సంపాదించుకుంటోంది.

హాంకాంగ్ పంపు పుంగనూరు దాకా వచ్చేసరికి కథ కాస్త మారుతుంది. మన దేశంలో చిన్న ఆస్పత్రుల్లో మత్తు డాక్టరు చేతికి అలవాటైన మందు మెఫెంటెర్మిన్. పాశ్చాత్య దేశాల్లో దాదాపు కనుమరుగైన ఈ మందు ఇక్కడ చవక, తేలిగ్గా దొరుకుతుంది. బీపీ పడగానే ఆరేసి మిల్లీగ్రాములు ఇస్తారు. ఎఫిడ్రిన్ జాతిదే, గుణం కూడా ఇంచుమించు అదే. దాంతో వేలమంది తల్లులు క్షేమంగా బయటపడుతున్నారు కాబట్టి దాన్ని చెడ్డమందని కొట్టిపారేయడం అన్యాయం. కానీ అది పడ్డాక లేపే మందు. పడకుండా ఆపే పద్ధతి దానికంటే మెరుగని తేలి ఇరవై ఏళ్లయింది.

సిరంజి పంపు లేకపోతే ఫినైలెఫ్రిన్ వాడలేమా? వాడవచ్చు, చిన్న చిన్న మోతాదులుగా. జాగ్రత్త పడాల్సింది ఆ మందు పలచన చేసే దగ్గర. మన దగ్గర ఒక్క మిల్లీలీటరు ఆంప్యూల్లో పది మిల్లీగ్రాములు వస్తుంది. తల్లికి ఒక విడతకు కావలసింది అందులో నూరో వంతు. ఆ ఆంప్యూల్‌ను నూరు మిల్లీలీటర్ల సెలైన్ సీసాలో కలిపితే మిల్లీలీటరుకు సరిగ్గా నూరు మైక్రోగ్రాములు పడుతుంది. ఆ సీసా మీద స్కెచ్ పెన్నుతో పేరు, బలం రాయడం మరిచిపోతే, హడావుడిలో మరొకరు దాన్ని మామూలు సెలైన్ అనుకుంటే, బీపీ పడడం కంటే ఘోరమైనది జరుగుతుంది. చిన్న థియేటర్లు కొత్త మందుకు వెనకాడడంలో అర్థముంది. ముందే పలచన చేసి నింపిన సిరంజిలు కొన్ని దేశాల్లో దొరుకుతున్నాయి. మన ప్రభుత్వ కొనుగోళ్ల జాబితాలో అలాంటివి చేరితే బాగుండును.

మిగతావి తక్కువ ఖర్చువే. కాళ్లకు పట్టీలు గట్టిగా చుట్టి సిరల్లో నిలిచే రక్తాన్ని పైకి నెట్టడం పాత చిట్కాలా కనిపిస్తుంది. 2017లో 120కి పైగా ప్రయోగాలను, తొమ్మిదిన్నర వేల మంది తల్లుల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష అది నిజంగానే పనిచేస్తుందని చెప్పింది. వాంతులకు ఇచ్చే ఆండన్‌సెట్రాన్ నాలుగు మిల్లీగ్రాములు సూదికి ముందే ఇస్తే బీపీ పతనం కూడా కొంత తగ్గుతోందని అందులోనే తేలింది.

అన్నిటికంటే చవకైనది నిమిషానికోసారి బీపీ చూడడం. ఐదు నిమిషాలకోసారి పట్టీ బిగిసేలా పెట్టి వదిలేసిన మానిటరు, పతనమంతా అయిపోయాక చెబుతుంది.

బిడ్డ బయటికి వచ్చాక మరో మెట్టు ఉంది. దాన్ని చాలామంది మరిచిపోతారు. గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ ఇస్తారు. గర్భసంచిని బిగించే అదే మందు మిగతా నాళాలను వదులు చేస్తుంది. పది యూనిట్లు ఒక్కసారిగా రక్తంలోకి నెట్టినందువల్ల బ్రిటన్‌లో, అప్పటికే రక్తం కోల్పోయిన తల్లి చనిపోయిన ఉదంతం అక్కడి మాతృమరణాల విచారణ నివేదికలోకి ఎక్కింది. అప్పటినుంచి మోతాదు తగ్గుతూ వచ్చింది. నొప్పులు రాకముందే చేసే సిజేరియన్‌కు మొదట ఒక్క యూనిట్ చాలని 2019 నాటి అంతర్జాతీయ నిపుణుల సూచనలు చెబుతున్నాయి. "గర్భసంచి మెత్తగా ఉంది, తొందరగా ఇవ్వండి" అని సర్జన్ తొందరపెట్టే క్షణంలో నెమ్మదిగా ఇవ్వగల నిబ్బరం మత్తు డాక్టరుకు ఉండాలి.

అందరు తల్లులూ ఒకే తీరుగా స్పందించరు. గర్భంలో బీపీ బాగా పెరిగిన తల్లికి వెన్నుసూదితో ఒక్కసారిగా కూలిపోతుందని పాత తరం భయపడేది. ఫ్రాన్స్‌లో ఆయా అనే వైద్యుడి బృందం 2003లో చూసింది ఇందుకు విరుద్ధం. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (గర్భంలో ప్రమాదకరంగా పెరిగే బీపీ) ఉన్నవాళ్లలో బీపీ పతనం ఆరోగ్యవంతులకంటే బాగా తక్కువ. వాళ్ల నాళాలు నాడుల ఆజ్ఞతోనే కాక, రక్తంలో తిరిగే రసాయనాల వల్ల కూడా బిగిసి ఉంటాయి. వీపు సూది ఆ బిగింపును తీయలేదు. రక్తహీనత సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువవాళ్లే. వాళ్లకు బీపీ పతనం, దానిమీద నెత్తురు పోవడం రెండూ కలిస్తే తట్టుకునే నిల్వ ఉండదు. మాయ కిందికి ఉండి, లేదా ముందే విడిపోయి, ధారగా నెత్తురు పోతున్న తల్లికైతే వీపు సూది జోలికే పోకుండా పూర్తి మత్తు ఇవ్వడమే మేలనుకునే సందర్భాలు ఎక్కువ.

ఇదంతా చేయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఆ గంటలో వేరే పని ఉండకూడదు. 2016లో పేద, మధ్యాదాయ దేశాల లెక్కలన్నీ కలిపి ప్రచురించిన అధ్యయనం ఒకటి, సిజేరియన్ తరువాత జరిగే తల్లుల మరణాల్లో నూటికి దాదాపు 14 మత్తుకు సంబంధించినవని తేల్చింది. మత్తు నిపుణులు కానివాళ్లు ఇచ్చిన చోట ప్రమాదం ఎక్కువ. దక్షిణాఫ్రికా మాతృమరణ నివేదికలు జిల్లా ఆస్పత్రుల్లో వీపు సూది తరువాత పట్టించుకోని బీపీ పతనాన్ని పేరు పెట్టి మరీ వేలెత్తి చూపాయి. మన దేశంలో మత్తు డాక్టర్ల కొరత తీర్చడానికి ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాల శిక్షణ ఇచ్చి అత్యవసర కాన్పుల్లో మత్తివ్వడానికి అనుమతించే పథకం నడిచింది. మంచి ఆలోచనే. కానీ శిక్షణ పొందినవాళ్లను మళ్లీ ఓపీ గదుల్లో కూర్చోబెడితే, చేతికి అలవాటు తప్పితే, ఫలితం ఏముంటుంది?

మదనపల్లె వైద్యానికి కొత్త ఊరు కాదు. 1915లో ఆరోగ్యవరం క్షయ శానటోరియం తెరుచుకున్న ప్రాంతం, 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో ఒకటి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండ్లు దూరపు ఊళ్లను ఆస్పత్రికి దగ్గర చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018-20 నాటికి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 45, దేశంలో 97. ఇంత దూరం వచ్చాక మిగిలినవి చిన్న చిన్న దశలు. థియేటర్ లోపలి పది నిమిషాలు వాటిలో ఒకటి.

ఇక అపోహల సంగతి. నడుము నొప్పి వీపు సూది వల్లే వస్తుందన్న మాట రామసముద్రంలో ఎంత గట్టిగా ఉందో హైదరాబాద్‌లోనూ అంతే గట్టిగా ఉంది. ఏళ్ల తరబడి సాగే నడుము నొప్పికి వెన్నుసూది కారణమని పరిశోధనల్లో రుజువు కాలేదు. సూది తరువాత తలగడ లేకుండా రోజంతా కదలక పడుకుంటే తలనొప్పి రాదన్నదీ నిలబడలేదు. భయపడాల్సినవాటికి కాక భయపడనక్కర్లేనివాటికి భయపడి, వీపు సూది వద్దని పట్టుబట్టేవాళ్లు డాక్టర్లకు కనిపిస్తూనే ఉంటారు.

సిజేరియన్‌కు తేదీ ఇచ్చిన ఇంట్లో ఈ అధ్యాయం చదివేవాళ్లు ఉంటే నాలుగు పనులు చేయండి. గుండె జబ్బు, ఇదివరకటి కాన్పులో నెత్తురు ఎక్కువగా పోవడం, వాడుతున్న బీపీ మందులు, ఇవేవీ దాచకుండా మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. రక్తం ఎంత ఉందో నెలల ముందే చూపించుకుని మాత్రలు వాడండి. ఆపరేషన్ అంతసేపూ తల్లి తలదగ్గర బీపీ చూస్తూ ఎవరుంటారని అడగండి. ఆ ప్రశ్న అడిగినందుకు ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు. బల్ల మీద పడుకున్నాక వికారమైనా, కళ్లు తిరిగినా, చేతివేళ్లు తిమ్మిరెక్కినా, ఊపిరి అందనట్టున్నా ఓర్చుకోవద్దని, మొహమాటం లేకుండా ఆ క్షణమే చెప్పాలని తల్లికి ఇంట్లోనే చెప్పి పంపండి.